మా ఆవిడ ముక్కు

తుపాకీ బావ మొహం ఇక చూడకూడదని నేను ఒట్టు పెట్టుకున్న వేసవి అది. ఒట్టు నిలవలేదు గానీ కోపం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. బావంటే మా ఆవిడకి స్వయానా అన్న, నాకంటే రెండు నెలలే పెద్ద. పాత ఎలక్ట్రానిక్ సామాను కరిగించే కంపెనీలో వాడికి ఉద్యోగం. చేతిలో ఒక యంత్రం పట్టుకు తిరుగుతాడు, చూస్తే అచ్చం తుపాకీ. ప్లాస్టిక్కు ముక్క మీద ఆనించి మీట నొక్కితే, అందులో ఏ మందు కలిసిందో అంకెలు పడతాయి. వీధిలో అందరూ వాడిని తుపాకీ అనే అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. తర్వాత పెట్టిన పేర్లు ఇక్కడ రాయలేను.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. పాత టీవీలు, కంప్యూటర్లు, ప్రింటర్లు విప్పి ఏ ముక్కకా ముక్క అమ్మడం నా పని. ముందు రేకుల కొట్టు, వెనక మేముండే గది. రాగి, ఇనుము, అల్యూమినియం చూడగానే తెలుస్తాయి, వాటితో పేచీ లేదు. పేచీ అంతా ప్లాస్టిక్కుతోనే. టీవీ వెనక డొప్ప, ప్రింటరు మూత, కంప్యూటరు పెట్టె, అన్నీ ఒకటే నలుపు. వాటిలో కొన్నింటికి మంట అంటుకోకుండా మందు కలుపుతారు. మందు కలిపిన దాన్ని కరిగించి మళ్ళీ వాడకూడదు. వాడితే ఆ విషం పిల్లల బొమ్మల్లోకి, వంటింటి గరిటెల్లోకి పోతుంది. ఏది మందుదో చేసినవాళ్ళు పైన అచ్చు వేస్తే వాళ్ళ సొమ్మేం పోయిందో నాకు తెలియదు. సగం వాటి మీద అసలు వేయరు. వేసినవాళ్ళు కూడా లోపలి మూలన చీమ తలకాయంత అక్షరాలతో వేస్తారు.

అందుకని మా కొట్టులో ఏరేది మా ఆవిడ ముక్కు. ముక్క అంచుకి లైటరు చూపించి, ఉఫ్ మని ఊది, పొగ ఒక్కసారి పీల్చేది. కొవ్వొత్తి ఆరిన వాసన ఒక రకం, తీపిగా పూల వాసన ఇంకో రకం, రబ్బరు కాలినట్టుంటే మరో రకం. ముక్కులో సూది దిగినంత ఘాటు ఉంటే అది మందుది. "మంచిది, మంచిది, మందుది, మంచిది" అంటూ అటో సంచిలోకి, ఇటో సంచిలోకి విసిరేది. పద్ధెనిమిదేళ్ళు ఆ పని చేసింది. వీధిలో ఆమెని ముక్కు వదిన అనేవాళ్ళు. నా కొట్టుకి ఎవరొచ్చినా, కుర్చీ వేయకముందే ఆమె చేతికి నాలుగు ముక్కలిచ్చి, ఆ విద్య చూపించేవాణ్ణి. ఆ పొగ ఎక్కడికి పోతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆ ముక్కుతో నాకు ఒకటే ఇబ్బంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేను దొంగచాటుగా కాల్చిన సిగరెట్లన్నీ ఆమెకి తెలుసు. ఏలక్కాయ నమిలినా, సబ్బుతో చేతులు కడిగినా, గుమ్మంలో అడుగు పెట్టగానే "ఎక్కడ కాల్చావు?" అనేది. కాల్చావా అని కాదు, ఎక్కడ అని.

వేసవి మొదట్లో ఒకరోజు పొద్దున్నే బావ వచ్చాడు. చంకలో ఫైలుంది.

"బావా, ఇక ఆ కలగలుపువాడికి అమ్మడం మానెయ్" అన్నాడు.

కలగలుపువాడంటే మా దగ్గర మంచిదీ మందుదీ అని చూడకుండా అంతా ఒకటే ధరకి కొనుక్కుపోయే వ్యాపారి. ఆయన మరలో అన్నీ ఒకటే.

"కిలోకి తొమ్మిదిస్తాడు. మీవాళ్ళు తొంభై ఇస్తారా ఏంటి?"

"యాభై రెండు."

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"ఏరి ఇస్తేనే సుమా" అన్నాడు బావ. "మంచిదొక్కటే రావాలి. మందుది కలిస్తే వెనక్కే."

"ఏరుకోడానికి మీ దగ్గర యంత్రాలు లేవా?"

"పెద్ద యంత్రానికి నల్లది కనపడదు బావా. తెల్లవీ ఎర్రవీ టకటకా ఏరుతుంది. నల్లది వచ్చిందా, గుడ్డిదే. నా తుపాకీకి కనపడుతుంది గానీ ముక్కకో నిమిషం పడుతుంది. రోజూ వచ్చే బళ్ళు చూస్తే, నేను రిటైరయ్యేలోపు ఒక్క బండి తెమలదు."

మా ఆవిడ లోపల్నించి టీ గ్లాసులతో వచ్చింది. "అయితే మీ పెద్ద యంత్రం కన్నా నా ముక్కే మేలన్నమాట."

"మేలే చెల్లీ. దానికి సర్టిఫికెట్టుంది, నీ ముక్కుకి లేదు. అంతే తేడా."

ఫైల్లోంచి ఒక ఫారం తీసి నింపడం మొదలుపెట్టాడు. 'పరీక్షించు విధానము' అనే గడి దగ్గర కలం ఆగింది.

"ముక్కు అని రాయి" అన్నాను.

"పై ఆఫీసులో నవ్వుతారు."

"నవ్వనీ. ఏడ్చేకంటే మంచిదేగా?"

"అనుభవం అని రాస్తానులే" అన్నాడు.

షరతు ఇది. వర్షాకాలం మొదలయ్యేలోపు మూడు బళ్ళు పంపాలి. మూడూ పరీక్షలో నిలబడితే కార్డు ఇస్తారు. కార్డుంటే ఏడాది పొడుగునా మా సరుకు యాభై రెండు చొప్పున వాళ్ళే తీసుకుంటారు. ఒక్క బండి తిరిగొచ్చినా మళ్ళీ వేసవి దాకా దరఖాస్తు కూడా పెట్టుకోకూడదు. ఆ కార్డు కోసం నేనెంత ఆశపడ్డానో చెప్పలేను. కలగలుపువాడి ముందు చేతులు కట్టుకు నిలబడే పని తప్పుతుందని ఒక ఆశ. మా కొట్టుకీ ఒక కాగితం ఉంటుందని, దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించుకోవచ్చని ఇంకో ఆశ. బడిలో తెచ్చుకోలేని కాగితం అలా వస్తుందనుకున్నాను.

మొదటి బండి పది రోజుల్లో పంపాం. వెయ్యి ముక్కల్లో రెండే మందువి దొరికాయట. బావ ఫోను చేసి, "చెల్లి ముక్కు గెలిచిందిరా బావా!" అని అరిచాడు. నేను టీ కొట్టుకి పోయి, అక్కడున్న ఏడుగురికీ టీ ఇప్పించి, ఎవరూ అడక్కపోయినా రెండు అనే అంకెని ఏడుసార్లు చెప్పాను.

తర్వాత ఎండలు ముదిరాయి. రేకుల కింద కూర్చుంటే మెదడు కరిగి మెడలోకి దిగుతున్నట్టుండేది. రెండో బండికి సరుకు కూడబెడుతున్నాం. మా ఆవిడ మాటలు తగ్గించింది. లైటరు వెలిగించి, ఊది, పీల్చి, ఒక క్షణం ఆగి విసిరేది. ఆ ఆగడం కొత్త. ఎండ దెబ్బనుకున్నాను. ముక్కని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది, మంట రంగు చూసేది. "ఏంటే, కొత్త విద్యలు?" అంటే, "పాతబడిపోతే నువ్వు కొత్తదాన్ని తెచ్చుకుంటావేమో అని" అనేది.

నాకు మాత్రం ఆ వేసవి బంగారంలా గడిచింది. సిగరెట్టు కాల్చి ఇంటికొస్తే ఒక్క మాట లేదు. మొదటి రోజు అదృష్టమనుకున్నాను. వారం గడిచాక ఏలక్కాయ కూడా మానేశాను. ఇరవై రెండేళ్ళకి మొగుడి మీద జాలి పుట్టింది కాబోలు, ఈ పాపానికి నన్ను వదిలేసిందని మురిసిపోయాను. ఆ మురిపెంలో ఆమెకి రెండు చీరలు కూడా కొన్నాను.

రెండో బండి నిలబడింది. ఈసారి బావ అరవలేదు. "సరిపోయింది బావా" అని ఫోను పెట్టేశాడు. పనిలో ఉన్నాడేమో అనుకున్నాను.

మూడో బండి తిరిగొచ్చింది.

మధ్యాహ్నం పూట మా వీధిలోకి లారీ వెనక్కి వెనక్కి వచ్చి, పదహారు సంచుల్నీ కొట్టు ముందు దింపింది. డ్రైవరు నా చేతిలో కాగితం పెట్టి సంతకం పెట్టమన్నాడు. కాగితం అడుగున పెద్ద సంతకం బావదే. నేను సంతకం పెట్టలేదు. అదే లారీ ఎక్కి కంపెనీ గేటు దగ్గర దిగాను.

"ఏరా, సొంత చెల్లెలి సరుకే వెనక్కి కొడతావా?"

"మందుది కలిసింది బావా. వందకి ముప్పై పైన."

"ముప్పయ్యా? మొదటి బండిలో వెయ్యికి రెండు! ఆ తుపాకీ చెడిపోయింది, లేకపోతే నువ్వు చెడిపోయావు. ఎవడిచ్చాడు నీకు లంచం? కలగలుపువాడా?"

గేటు దగ్గర జనం ఆగి చూస్తున్నారు. బావ చొక్కా గుండీ ఒకటి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"నన్నే తిట్టుకో బావా. నీకు ఎంత ఇష్టమైతే అంత" అన్నాడు. "ఇంటికెళ్ళాక మాత్రం కేకలెయ్యకు."

ఇష్టమైనంతా తిట్టాను. దారి పొడుగునా, టీ కొట్టులో, వీధి మొదట్లో, వీధి చివరా తిట్టాను. బావ నన్ను ముంచాడని సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. ఇంట్లో మా ఆవిడ ముందూ తిట్టాను. అన్నని అంటే పులిలా లేచే మనిషి, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

మర్నాడు సాక్ష్యం కోసం కూర్చున్నాను. సంచులన్నీ విప్పి, ముక్కముక్కా చూపించి, బావ అబద్ధం చెప్పాడని పై ఆఫీసులో నిరూపిద్దామని. పదహారు సంచుల్లో నాలుగే విప్పారు కంపెనీవాళ్ళు. మిగతావాటి మూతి మీద మా ఆవిడ కుట్టిన కుట్టు అలాగే ఉంది, చివర్లో ఆమె వేసే రెండు పేటల ముడితో సహా. ఆమె పక్క కొట్టుకి వెళ్ళినప్పుడు ఒక సంచి కోశాను.

పైనే ఉందా ముక్క. కంప్యూటరు తెర వెనక డొప్ప. ఎవరింట్లో పిల్లో దాని మీద వరసగా నక్షత్రాల స్టిక్కర్లు అంటించింది. సంచిలో పట్టక సుత్తితో రెండు ముక్కలు చేసింది నేనే, నాకు బాగా గుర్తు. నక్షత్రం ఒకటి మధ్యకి చీలింది. రెండో సగం కోసం వెతికాను. ఆ సంచిలో లేదు. గోడవారన మందుది వేసే సంచి ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది. అందులో ఉంది.

ఒకే డొప్ప. సగం మంచిది, సగం మందుది.

కంపెనీవాడు కలిపాడని అందామంటే కుట్టు ఆమెది. ఎండ అందామంటే, ఆ రెండు సగాలూ విసిరిన రోజు మబ్బు పట్టి చల్లగా ఉంది. చాలాసేపు ఆ రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనించి పట్టుకుని కూర్చున్నాను. తర్వాత జేబులోంచి సిగరెట్టు తీసి అక్కడే, కొట్టులోనే వెలిగించాను.

ఆమె వచ్చింది. నేను వెనక్కి తిరిగే ఉన్నాను, సిగరెట్టు ఆమెకి కనపడకుండా నా అరచేతి చాటున ఉంది. పొగ వాసన ఇద్దరి మధ్యా తిరుగుతోంది. ఆమె నా భుజం మీంచి వంగి, చెంప నా చెవికి తగిలేంత దగ్గరగా వచ్చి, "టీ పెట్టనా?" అంది.

"పెట్టు" అన్నాను.

ఆమె లోపలికెళ్ళాక సిగరెట్టు నేలకేసి రుద్ది, నక్షత్రం ముక్కని మంచి సంచిలోంచి తీసి మందుది సంచిలో వేశాను. టీ తాగాను. చక్కెర రెండుసార్లు పడింది. బాగుందన్నాను.

మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాను, ఈసారి మధ్యాహ్నం భోజనాల వేళకి. బావ నన్ను చూసి డబ్బా మూత పెట్టేశాడు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అన్నాను.

వాడు నా మొహం చూసి ఇక దాచలేదు. "రెండో బండప్పుడు. వందకి పది దాకా కలిసింది. డ్యూటీ దిగాక నాలుగు సాయంత్రాలు కూర్చుని, ముక్కకో నిమిషం చొప్పున నేనే ఏరాను. తర్వాత చెల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పొగకి ముక్కులో నరం దెబ్బతిందన్నాడు. వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నిప్పూ పొగా మానమన్నాడు."

"మరి మూడోది కూడా ఏరకపోయావా?"

"ఎన్ని బళ్ళు ఏరను బావా? కార్డొచ్చాక నెలకి నాలుగు పంపుతారు మీరు. చూడనట్టు పంపేస్తే ఎవడి పిల్ల నోట్లో బొమ్మ అవుతుందో. నా వల్ల కాలేదు."

"నాకెందుకు చెప్పలేదు? నా పెళ్ళాం ముక్కు పోతే నాకంటే ముందు నీకు తెలియాలా?"

అదే నా కోపం. ఇప్పటికీ అదే. బావ డబ్బా మూత మీద వేలితో గీతలు గీశాడు.

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. 'ఆయనకి గొప్పగా చెప్పుకోడానికి నా ముక్కు తప్ప ఇంకేం లేదన్నయ్యా, అది కూడా తీసెయ్యకు' అంది."

వాడు డబ్బా తెరిచి నా వైపు జరిపాడు. ఇద్దరం ఒకే డబ్బాలో తిన్నాం. తింటూ వాడే చెప్పాడు, మందుది బరువెక్కువని, ఉప్పు నీళ్ళలో వేస్తే అది మునిగి మంచిది తేలుతుందని. కంపెనీ లేని కాలంలో వాళ్ళ పాత మేస్త్రీ అలాగే చేసేవాడట.

"ముందే చెప్పి చావొచ్చుగా?"

"దాని ముక్కుండగా ఉప్పెందుకు అనుకున్నాను" అన్నాడు.

కిరాణా కొట్టాయన యాభై కిలోల ఉప్పు తూస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంటయ్యా, ఏనుగుని ఊరబెడుతున్నావా?"

"మా బావని" అన్నాను.

నీలం రంగు పెద్ద తొట్టి కొట్టు మధ్యలో దింపేసరికి మా ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంటిది?"

"మీ అన్న పెట్టిన కొత్త రూలు. ముక్కుతో ఏరితే ఒప్పుకోరట. అందరూ నీళ్ళలో వేసే ఏరాలట. నిప్పు వెలిగిస్తే జరిమానా కూడానట. ఆ లైటరు ఇటివ్వు. పద్ధెనిమిదేళ్ళ అనుభవం వాడికి కనపడలేదు, తొట్టి కావలసొచ్చింది వెధవకి."

ఆమె లైటరు నా చేతిలో పెట్టింది. పెడుతూ గట్టిగా ఊపిరి వదిలింది. "అన్నయ్య మరీ మారిపోయాడు" అంది. అంటున్నప్పుడు ఆ గొంతులో ఎన్నాళ్ళ బరువు దిగిందో నాకు వినపడింది.

ఉప్పు ఎంత వేయాలో నాకు తెలియదు. పోస్తున్నాను, కలుపుతున్నాను, మంచిదీ మందుదీ రెండూ మునుగుతున్నాయి. ఆమె కాసేపు నా అవస్థ చూసి, లోపల్నించి కోడిగుడ్డు తెచ్చి నీళ్ళలో వదిలింది. అది అడుక్కి పోయింది. "ఇంకా పొయ్యి" అంది. పోశాను. గుడ్డు నెమ్మదిగా లేచి, నీళ్ళ మీదికి నాణెమంత నెత్తి పెట్టి నిలబడింది. "చాలు" అంది. నక్షత్రాల డొప్పని చిన్న ముక్కలుగా కొట్టి వేశాను. అన్నీ మునిగాయి. పక్కనున్న ప్రింటరు మూత వేస్తే తేలింది. రెండు రోజులు తిరిగేసరికి ఆ తొట్టి ఆమెదైపోయింది. ముక్క కింద గాలి బుడగ పట్టుకుంటే మందుది కూడా తేలి మోసం చేస్తుందని ఆమే కనిపెట్టింది. నీళ్ళలో చిటికెడు సబ్బుపొడి వేసి, ప్రతి ముక్కనీ అరచేత్తో నిమిరి బుడగ వదిలించేది. పసిపిల్లకి నీళ్ళు పోస్తున్నట్టుండేది.

మూడో బండి మొత్తాన్నీ అలా ముంచి తేల్చేసరికి వాన మొదలైంది. కంపెనీ గడువు ముందే అయిపోయింది. ఆరు వందల నలభై కిలోల్లో నాలుగు వందల పది తేలాయి, రెండు వందల ముప్పై మునిగాయి. తేలిన మంచి సరుకుని కార్డు లేని పాపానికి కలగలుపువాడికే తొమ్మిది చొప్పున ఇచ్చాను. మునిగిందాన్ని కూడా ఆయన అదే ధరకి అడిగాడు. ఇవ్వలేదు. విషాన్ని పద్ధతిగా కాల్చే బట్టీ కంపెనీలో ఉంది, దానికి మనమే కిలోకి ఆరు చొప్పున ఎదురివ్వాలి. తప్పు చేసేవాడికి తొమ్మిది వస్తుంది, ఒప్పు చేసేవాడికి ఆరు పోతుంది. అలాంటి లెక్కతో లోకం బాగుపడాలంటారు పెద్దలు. ఎదురిచ్చాను.

ఆ సాయంత్రం రేకుల మీద వాన చప్పుడుకి మాట వినపడటం లేదు. ఆమె తొట్టి పక్కన పీట మీద కూర్చుని, మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి కొత్త సరుకు ముక్కలు నిమురుతోంది. మూడో బండికి యాభై రెండు చొప్పున ఎంత రావాలో, చివరికి ఎంత మిగిలిందో నేను కాగితం మీద లెక్క వేస్తున్నాను.

"ఏమయ్యా" అంది.

"ఊఁ."

"ఆ మూడో బండి గురించి ఒకటి చెప్పాలి. అన్నయ్య తప్పేం లేదు. నేనే..."

"మీ అన్నని వెనకేసుకు రాకు నువ్వు" అన్నాను కాగితంలోంచి తలెత్తకుండా. "వాడే ముంచాడు. వీధంతా తెలుసు."

ఆమె చేతులు నీళ్ళలో ఆగాయి. నేను తలెత్తేదాకా నన్నే చూసింది. ఇరవై రెండేళ్ళు నా అబద్ధాలు ఏ మూలన పుట్టాయో పసిగట్టిన మనిషి, కళ్ళతో కూడా పసిగట్టగలదని అప్పుడే తెలిసింది. తడి చెయ్యి తీసి నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఉప్పు నీళ్ళు మోచేతి దాకా కారాయి.

"ఎంత పోయిందయ్యా మొత్తం?" అంది.

"మీ అన్న వల్లా?" అన్నాను. "ముప్పై వేల తొమ్మిది వందల డెబ్బై."